తొలి చినుకులే ఎందుకంత లావు? చినుకు సైజు ఎక్కడ తేలుతుంది?

రేకులషెడ్డు · రాత్రి 9:12

చాలా రోజులుగా నన్ను తొలిచేస్తున్న సందేహం ఇది. నేను పని చేసుకునే గదికి పైకప్పు రేకులు. వాన మొదలైందని కళ్ల కంటే ముందు చెవులకే తెలుస్తుంది. ఎప్పుడు చూసినా ఒకటే వరస. మొదట టప్... టప్... అని విడివిడిగా, గులకరాళ్లు పడ్డట్టు నాలుగైదు చినుకులు. బయటికి వచ్చి చూస్తే నేల మీద ఒక్కో మచ్చ చొక్కా గుండీ కంటే పెద్దదే. రెండు మూడు నిమిషాలకు ఆ చప్పుడు పోయి, ఎవరో ఇసుక జల్లుతున్నట్టు ఒకటే హోరు. వాన చివర్లో, అంతా సద్దుమణిగాక, మళ్లీ అదే టప్ టప్.

వాన పెరుగుతుంటే చినుకు కూడా పెరగాలి కదా? ఇక్కడ తిరగబడింది. ముసురు పట్టిన రోజైతే ఈ టపటపలు మొదట్లో అసలుండవు. మబ్బూ నీళ్లే, చినుకూ నీళ్లే. మరి సైజు ఎక్కడ తేలుతోంది?

ఎదురుప్రశ్న · రాత్రి 9:20

మచ్చను చూసి చినుకు సైజు చెప్పలేం. పొడి నేల మీద పడింది చితికి పరుచుకుంటుంది. నేల తడిశాక మచ్చే కనపడదు. మారింది చినుకు కాదు, మీ నేలేమో?

రేకులషెడ్డు · రాత్రి 9:23

నేల సంగతి సరే. రేకు చప్పుడో?

ఎదురుప్రశ్న · రాత్రి 9:24

రేకు తడిశాక చప్పుడూ మారుతుంది. కొలిచి చూపించండి, ఒప్పుకుంటా :)

మబ్బులో_మనిషి · రాత్రి 9:51

కొలవాల్సిందే, కానీ ఆయన చెవులు అబద్ధం చెప్పడం లేదు. తొలి చినుకులు లావుగా ఉండటం నిజమే. మబ్బులోంచి లావువే ముందు బయల్దేరుతాయని మాత్రం కాదు. అన్నీ కలిసే బయల్దేరినా లావువి ముందు చేరతాయి.

గాల్లో పడే చినుకు కాసేపటికి ఒక వేగం అందుకుని, ఇక అక్కడే నిలిచిపోతుంది. బరువు కిందికి లాగుతుంటే గాలి అంతే బలంగా ఆపుతుంటుంది. ఆ వేగం సైజును బట్టి ఉంటుంది. అర మి.మీ. చినుకు సెకనుకు సుమారు 2 మీటర్లు దిగుతుంది. 1 మి.మీ. ది 4 మీటర్లు, 2 మి.మీ. ది ఆరున్నర, 3 మి.మీ. ది 8. 5 మి.మీ. ది 9కి కాస్త పైన. 1949లో గన్, కింజర్ అనే ఇద్దరు చాలా జాగ్రత్తగా కొలిచిన అంకెలివి, ఇప్పటికీ అందరూ వాడేది వాటినే.

లెక్కలపిచ్చి · రాత్రి 10:05

అయితే లెక్క చిటికెలో అయిపోతుంది. మబ్బు అడుగు 1500 మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. 3 మి.మీ. చినుకు 3 నిమిషాల్లో నేలకొస్తుంది. 1 మి.మీ. ది 6 నిమిషాలకు పైగా తీసుకుంటుంది. అర మి.మీ. ది పన్నెండున్నర నిమిషాలు. షెడ్డుగారు చెప్పిన రెండు మూడు నిమిషాల తేడా సరిగ్గా కుదిరింది.

మబ్బులో_మనిషి · రాత్రి 10:14

కుదిరింది, ఇంకో రెండు కారణాలూ తోడవుతాయి. వాన మొదలయ్యేటప్పుడు మబ్బు కింద గాలి ఇంకా పొడిగా ఉంటుంది. చిన్న చినుకు నెమ్మదిగా దిగుతూ, దారిలోనే ఆవిరైపోతుంది. దూరంగా మబ్బు కింద బూడిదరంగు తెర వేలాడుతూ నేల దాకా రాకుండా మధ్యలో మాయమైపోవడం చూసే ఉంటారు, అది ఇదే. రెండోది, ఉరుముల మబ్బులో గాలి పైకి ఎగదన్నుతుంటుంది. ఆ గాలి సెకనుకు 5 మీటర్లతో లేస్తుంటే 1 మి.మీ. చినుకు కిందికి రావడం అటుంచి, పైకే పోతుంది. దాన్ని దాటుకుని రాగలిగేది లావుదే.

ఎదురుప్రశ్న · రాత్రి 10:31

బాగుంది. కానీ మీ లెక్క ప్రకారమే, వాన ఆగేటప్పుడు చివరగా చేరాల్సినవి అన్నిటికంటే చిన్నవి. ఆయన చివర్లో కూడా టప్ టప్ అంటున్నాడు. ఆ లావువి ఇంతసేపు ఎక్కడున్నాయి?

మబ్బులో_మనిషి · రాత్రి 10:40

మంచి పట్టు పట్టారు. దీనికి నా దగ్గర జవాబు లేదు. వెనకాల ఇంకో మబ్బు ముక్క వచ్చి ఉండొచ్చు, కానీ ప్రతిసారీ వస్తుందా? షెడ్డుగారూ, చివరి టప్ టప్ ఎంతసేపు ఉంటుందో ఈసారి గమనించండి.

కొత్తచిగురు · మరునాడు ఉదయం 7:02

చదువుతుంటే ఇంకో సందేహం. అసలు చినుకు ఎలా మొదలవుతుందండీ? ఆవిరి చల్లబడి పెరిగి పెరిగి చినుకవుతుందని చదువుకున్నాం. అలాగైతే అన్నీ ఒకే సైజు ఉండాలి కదా?

బోర్డు_సుద్ద · ఉదయం 8:15

చిగురూ, మేం పాఠంలో సగంలో ఆపేసే చోటు ఇదేనమ్మా. నేనూ ఏళ్ల తరబడి అలాగే చెప్పాను.

ఆవిరి ఊరికే చుక్క కాదు. కూర్చోవడానికి దానికో పీట కావాలి. ధూళి, ఉప్పు రేణువు, పొగ నుసి, ఏదైనా సరే. అలా ఏర్పడ్డ మబ్బు బిందువు వ్యాసం సుమారు 20 మైక్రాన్లు, అంటే మి.మీ. లో యాభయ్యో వంతు. అది దిగే వేగం సెకనుకు ఒక సెంటీమీటరుకు కాస్త ఎక్కువ. కిలోమీటరు దిగాలంటే దాదాపు రోజంతా పడుతుంది. మబ్బు పడిపోకుండా గాల్లోనే ఉన్నట్టు కనిపించేది అందుకే.

2 మి.మీ. చినుకు కావాలంటే వ్యాసం 100 రెట్లవ్వాలి, అంటే నీళ్లు 10 లక్షల రెట్లు. ఒక్క చినుకులో 10 లక్షల మబ్బు బిందువులు! ఆవిరి పట్టుకుని ఆ సైజుకి చేరడం అయ్యే పని కాదు, ఎందుకంటే బిందువు పెద్దదయ్యేకొద్దీ వ్యాసం పెరిగే వేగం తగ్గిపోతుంది. మొదట గబగబా, తర్వాత నత్తనడక. మబ్బు బతికేది ఏ అరగంటో గంటో.

కాబట్టి ఒకదాన్నొకటి గుద్దుకుని కలిసిపోవాలి. అక్కడా ఒక చిక్కుంది. అన్నీ ఒకే సైజుంటే అన్నీ ఒకే వేగంతో దిగుతాయి, ఒకటి ఇంకోదాన్ని అందుకోలేదు. పైగా మరీ చిన్నవి ఎదురైనా, గాలితో పాటు పక్కకు జారి తప్పించుకుంటాయి. ఏ కొన్నో 40 మైక్రాన్ల దగ్గరికి చేరితే అప్పుడు ఆట మొదలవుతుంది. అది కొంచెం వేగంగా దిగుతుంది, దారిలో చిన్నవాటిని కలుపుకుంటుంది, ఇంకా లావవుతుంది, ఇంకా వేగం. ఆ కొన్ని మిగతావాటికంటే ముందే ఎలా పెరుగుతాయన్నది ఇప్పటికీ పరిశోధకులు తలలు పట్టుకుంటున్న ప్రశ్నే.

మబ్బులో_మనిషి · ఉదయం 8:47

మేడమ్ చెప్పిన 'పీట'ల మీద ఒక మాట. సముద్రం మీది శుభ్రమైన గాలిలో ఘన సెంటీమీటరుకి 100 లోపు బిందువులుంటే, పొగ, ధూళి నిండిన గాలిలో వందలు, ఒక్కోసారి వెయ్యి దాటుతాయి. ఉన్న నీళ్లు అవే, పంచుకునేవాళ్లు ఎక్కువ. ఒక్కోదానికి దక్కేది తక్కువ, అన్నీ చిన్నవిగానే ఉండిపోతాయి, కలవడం ఆలస్యమవుతుంది.

చినుకు పుట్టడానికి ఇంకో దారీ ఉంది. ఎత్తుగా పెరిగిన మబ్బు పైభాగం గడ్డకట్టే చలిలో ఉంటుంది. అక్కడ నీటి బిందువులు సున్నా డిగ్రీల కింద కూడా గడ్డకట్టకుండా ద్రవంగానే ఉంటాయి. వాటి మధ్య ఒక మంచు రేణువు పుట్టిందా, చుట్టూ ఉన్న ఆవిరిని అదే లాగేసుకుంటుంది, బిందువులు ఎండిపోతాయి. జర్మనీ శాస్త్రవేత్త వెగెనర్ 1911లో సూచించిన ఈ సంగతిని 1930ల్లో స్వీడన్‌కి చెందిన టోర్ బెర్షెరాన్ వాన పుట్టుకకు అన్వయించాడు. ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని దూదిపింజల్లా దిగి, వెచ్చటి పొరలో కరిగి చినుకులవుతాయి. పెద్ద పింజ కరిగితే లావు చినుకు. వడగల్లు దారిలో కరిగితే ఇంకా లావు చినుకు.

అంటే ఎండాకాలపు వాన చినుకు కూడా చాలాసార్లు ఒకప్పుడు మంచే!

కెమెరాకన్ను · ఉదయం 11:30

ఆకారం గురించి ఎవరూ మాట్లాడట్లేదే. నేను కొన్నాళ్లు వాన చినుకుల్ని హైస్పీడ్‌లో తీశాను. పైన కొన, కింద గుండ్రం అని బొమ్మల్లో వేసే ఆకారం ఒక్క ఫొటోలో కూడా దొరకలేదు. కుళాయి నుంచి విడిపోయే క్షణంలో తోక ఉంటుంది, అంతే. 1 మి.మీ. లోపువి బంతుల్లా ఉంటాయి. 2, 3 మి.మీ. వి అడుగున చదునుగా, బోర్లించిన గిన్నెలా ఉంటాయి. ఇంకా లావువి పడుతూ వణుకుతాయి, ఒక ఫొటోలో అడ్డంగా సాగితే ఇంకో ఫొటోలో నిలువుగా.

అంటే బొమ్మల్లోది సరిగ్గా తలకిందులు. సన్నగా ఉండాల్సిన పైభాగమే గుండ్రం.

లెక్కలపిచ్చి · మధ్యాహ్నం 1:10

దీని మీద లెక్క వేస్తే ఒక సరదా విషయం బయటపడింది.

చినుకుని గుండ్రంగా పట్టి ఉంచేది తలతన్యత. చినుకు ఎంత చిన్నదైతే దాని బిగింపు అంత ఎక్కువ. నాలుగింతల తలతన్యతను వ్యాసంతో భాగిస్తే లోపలి అదనపు ఒత్తిడి వస్తుంది. నీటి తలతన్యత మీటరుకి 0.072 న్యూటన్లు. 1 మి.మీ. చినుకుకి అది 288 పాస్కల్స్. దానికి కింద నుంచి తగిలే గాలి ఒత్తిడి, సెకనుకు 4 మీటర్ల వేగంతో, 10 పాస్కల్స్ లోపే. గాలి దాన్ని ఏం చేయగలదు? బంతిలాగే ఉంటుంది.

ఇప్పుడు 6 మి.మీ. చినుకు. బిగింపు 48 పాస్కల్స్‌కి పడిపోయింది. వేగం 9 మీటర్లు, గాలి ఒత్తిడి దాదాపు 49. సరిసమానం! కట్టి ఉంచేదీ, చీల్చేదీ అక్కడ కలిసిపోయాయి.

బోర్డు_సుద్ద · మధ్యాహ్నం 1:32

శభాష్. వానలో 6 మి.మీ. దాటినవి ఎందుకు అరుదో మూడు వాక్యాల్లో చెప్పేశావు బాబూ. ఇది రేపు క్లాసులో వాడుకుంటాను, పర్మిషన్ అడగట్లేదు, చెప్తున్నాను.

ఎదురుప్రశ్న · మధ్యాహ్నం 2:05

"దాటినవి అరుదు" అంటే దాటినవి ఉన్నాయనేగా?

మబ్బులో_మనిషి · మధ్యాహ్నం 2:44

ఉన్నాయి. పీటర్ హాబ్స్, ఆర్థర్ రాంగ్నో అనే ఇద్దరు పరిశోధకులు విమానంలో మబ్బుల్లోకి వెళ్లి లేజర్ పరికరాలతో చినుకుల నీడలు తీశారు. 1995లో బ్రెజిల్‌లో అడవులు తగలబడుతున్న పొగ మీది మబ్బుల్లో, 1999లో మార్షల్ దీవుల దగ్గర శుభ్రమైన సముద్రపు గాలిలో. రెండు చోట్లా కనీసం 8.8 మి.మీ. వి దొరికాయి, కొన్ని 10 మి.మీ. దాకా ఉండొచ్చని 2004లో ప్రచురించారు. పొగ మబ్బులో పెద్ద బూడిద రేణువుల మీద పుట్టి పెరిగి ఉండొచ్చని, లేదా నీరు విపరీతంగా ఉన్న ఇరుకు చోట్లలో పగిలేలోపే ఒకదాన్నొకటి కలుపుకుని ఉండొచ్చని వాళ్ల ఊహ. 6 మి.మీ. అన్నది గోడ కాదు, జారుడుబండ లాంటిది. అక్కడికి చేరిన చినుకు వెంటనే పగలదు, కాకపోతే ఎక్కువసేపు నిలవదు.

రేకులషెడ్డు · రాత్రి 8:18

నేను కొలవాలనుకుంటున్నా. ఇంట్లో అయ్యే పద్ధతి ఏమైనా ఉందా? పరికరాలు కొనే ఉద్దేశం లేదు.

బోర్డు_సుద్ద · రాత్రి 8:40

పిండి చాలు! అమెరికాలోని వెర్మాంట్‌లో విల్సన్ బెంట్లీ అని ఒక రైతు ఉండేవాడు, మంచు రేణువుల ఫొటోలతో పేరు తెచ్చుకున్నాయన. వెడల్పాటి పళ్లెంలో అంగుళం మందాన మెత్తటి పిండి పోసి కొన్ని సెకన్లు వానలో పెట్టేవాడు. ఒక్కో చినుకు ఒక్కో ఉండ అవుతుంది. ఎండాక ఏరి కొలవడమే. ఆరేళ్లలో 70 వానల నుంచి 344 నమూనాలు తీసి 1904లో ప్రచురించాడు. డిగ్రీల్లేవు, ప్రయోగశాల లేదు.

తమాషా ఏమిటంటే అదే 1904లో జర్మనీలో ఫిలిప్ లెనార్డ్ కింద నుంచి గాలి ఊది చినుకుల్ని గాల్లోనే తేల్చి చూశాడు. మరుసటి ఏడాది ఆయనకు నోబెల్ వచ్చింది, చినుకులకు కాదు, కాథోడ్ కిరణాల పనికి.

ఒక జాగ్రత్త. ఉండ సైజే చినుకు సైజని గుడ్డిగా నమ్మకు. తెలిసిన సైజు చుక్కలు ముందు పిండిలో వేసి సరిచూసుకో. మందు డ్రాపరుతో 1 మి.లీ. కి ఎన్ని చుక్కలు వస్తాయో లెక్కపెడితే చుక్క సైజు తెలిసిపోతుంది.

రేకులషెడ్డు · 4 రోజుల తర్వాత, సాయంత్రం 6:55

ఎట్టకేలకు వాన పడింది. చెప్పింది చెప్పినట్టు చేశా.

ముందు సరిచూసుకోవడం. డ్రాపరు నుంచి 1 మి.లీ. కి 20 చుక్కలు, అంటే ఒక్కోటి సుమారు 4.6 మి.మీ. సిరంజి సూది నుంచి 1 మి.లీ. కి 108, ఒక్కోటి 2.6 మి.మీ. మేడ మీది నుంచి కింద పిండిలోకి వదిలా. ఉండలు ఎండాక స్కేలు పక్కన పెట్టి చూస్తే చుక్క సైజుకి అటూ ఇటూగానే ఉన్నాయి. కొన్ని అప్పడాల్లా చదునయ్యాయి, వాటిని వదిలేశా.

ట్రే 30 సెం.మీ. పొడవు, 20 వెడల్పు. మూత తీయడం, ఒకటీ రెండూ మూడూ అని అయిదు సెకన్లు లెక్కపెట్టడం, మూయడం.

మొదటి టప్ వినపడ్డ అర నిమిషానికి ఒకసారి తీశా. మొత్తం 11 ఉండలు. నాలుగు 3 మి.మీ. దాటాయి, అన్నిటికంటే పెద్దది 4. ఒక్క మి.మీ. వి రెండే రెండు.

పదిహేను నిమిషాలకు రెండో ట్రే. 1 నుంచి 2 మి.మీ. మధ్య 96. 2 నుంచి 3 మధ్య 17. 3 దాటినవి 2. ఒక మి.మీ. లోపువి పిండిలో రవ్వల్లా చాలా ఉన్నాయి, లెక్కపెట్టే ఓపిక లేదు, మన్నించాలి.

ఎదురుప్రశ్నగారూ, మొదటి ట్రేలో పిండి తడి కాదు, రేకు కాదు :)

ఎదురుప్రశ్న · సాయంత్రం 7:10

ఒప్పుకున్నా. ఒక్క ట్రేతో ఒప్పుకోవడం నా స్వభావం కాదు, కానీ పదకొండులో నాలుగు, నూట పదిహేనులో రెండు అంటే తేడా మరీ ఎక్కువ.

లెక్కలపిచ్చి · సాయంత్రం 7:48

రెండో ట్రే నాకు వదిలేయండి. ఒక్కో గుంపుకి సగటు సైజు 1.4, 2.4, 3.3 మి.మీ. అనుకున్నా. చిన్నవి 96 కలిపి 138 ఘన మి.మీ. నీరు. మధ్యవి 17 కలిపి 123. పెద్దవి రెండూ కలిపి 38. మొత్తం 299, అంటే మూడో వంతు మి.లీ. కూడా లేదు. ట్రే వైశాల్యంతో భాగించి గంటకి మారిస్తే 3.6 మి.మీ. వాన. రవ్వలు కలిపితే ఇంకొంచెం ఎక్కువ.

ఇప్పుడు చూడండి. 115 ఉండల్లో 19 మాత్రమే 2 మి.మీ. దాటినవి, కానీ సగం కంటే ఎక్కువ నీరు ఆ పందొమ్మిదిలోనే ఉంది! సంఖ్య చిన్నవాటిది, నీరు పెద్దవాటిది.

కొత్తచిగురు · రాత్రి 8:03

ఇలా ఎంత వానకి ఎన్ని సైజులుంటాయో ముందే చెప్పే సూత్రం ఏదైనా ఉందా?

మబ్బులో_మనిషి · రాత్రి 8:29

ఉంది. 1948లో కెనడాలో మార్షల్, పామర్ ఇచ్చింది. సైజు పెరిగేకొద్దీ చినుకుల సంఖ్య ఎంత వేగంగా పడిపోతుందో చెబుతుంది. వాన జోరుగా ఉంటే ఆ పడిపోవడం నెమ్మదిస్తుంది, అంటే లావువాటి వాటా పెరుగుతుంది. కొత్తలో షెడ్డుగారు అడిగిన "వాన పెరిగితే చినుకు పెరగాలి కదా" అన్నది సగటున నిజమే. ఆయన రేకు మీద విన్నది వాన మొదలయ్యే నిమిషాల సంగతి, అక్కడ ఈ సూత్రం పనిచేయదు. ఇది చాలా వానల్ని కలిపితే వచ్చే సగటు, ఒక్క ట్రేలో దీన్ని వెతికితే నిరాశే.

వీకెండ్_ట్రెక్కర్ · రాత్రి 9:15

మధ్యలో వస్తున్నందుకు సారీ. రాడార్ యాప్‌లో ఎర్రగా చూపిస్తుంది, టెన్షన్ పడి ట్రెక్ క్యాన్సిల్ చేస్తాం, తీరా అక్కడ మామూలు వానే పడిందని తెలుస్తుంది. దీనికీ చినుకు సైజుకీ సంబంధం ఉందా?

మబ్బులో_మనిషి · రాత్రి 9:40

చాలా ఉంది. రాడార్ నీటిని కొలవదు, చినుకుల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిని కొలుస్తుంది. అది వ్యాసానికి ఆరో ఘాతంలో పెరుగుతుంది. ఒక 4 మి.మీ. చినుకులో ఉండే నీరు 64 ఒక్క మి.మీ. చినుకుల్లో ఉన్నంత. రాడార్‌కి మాత్రం అది 4096 చినుకులతో సమానం.

పై ట్రే లెక్కనే తీసుకోండి. ఆ రెండు పెద్ద ఉండల్లో నీరు ఎనిమిదో వంతు. రాడార్‌కి అందే సంకేతంలో వాటి వాటా మూడో వంతు. ఇది లావువి వేగంగా దిగుతాయి కాబట్టి గాల్లో ఏ క్షణానైనా తక్కువ ఉంటాయన్నది కూడా లెక్కలో వేసుకున్నాక వచ్చిన అంకె. లావు చినుకులు నాలుగున్నా, కరుగుతున్న వడగళ్లున్నా తెర ఎర్రబడుతుంది. సన్న చినుకులతో జోరుగా కురిసే వానను తక్కువ చేసి చూపించే ప్రమాదమూ ఇంతే ఉంది, నా దృష్టిలో అదే ఎక్కువ ప్రమాదం. ఎరుపు చూసి ఆగిపోయినందుకు బాధపడకండి.

ఇక్కడ కెమెరాకన్నుగారి చదును చినుకులు పనికొచ్చాయి. కొత్త రాడార్లు అడ్డంగా ఊగే తరంగాన్నీ, నిలువుగా ఊగేదాన్నీ రెండూ పంపుతాయి. చదునైన చినుకు అడ్డం తరంగాన్ని ఎక్కువగా తిప్పి పంపుతుంది. రెండింటి తేడా చూస్తే చినుకులు ఎంత లావో అంచనాకొస్తుంది.

లెక్కలపిచ్చి · రాత్రి 10:02

నేను ఈలోగా ఇంకోటి చదివా. ఫ్రాన్స్‌లో విల్లర్మో, బోసా 2009లో ఒక 6 మి.మీ. చుక్కను ఎదురుగాలిలో వదిలి వీడియో తీశారు. చదునై, సంచిలా ఉబ్బి, పేలి ముక్కలైంది. ఆ ముక్కల సైజులు మార్షల్, పామర్ సూత్రంతో సరిపోయాయి. అంటే వానలో సైజులన్నీ పెద్ద చినుకులు తమంతట తామే పేలడం వల్ల వచ్చినవే!

మబ్బులో_మనిషి · రాత్రి 10:20

ఆ ప్రయోగం అందమైనదే, కానీ "అన్నీ" అంటే ఒప్పుకోను. షెడ్డుగారి మొదటి ట్రేలో అన్నిటికంటే పెద్దది 4 మి.మీ. మామూలు వానలో 6 మి.మీ. ది భూతద్దం పెట్టి వెతకాలి. పేలడానికే లేనివి ఇన్ని ముక్కల్ని ఎలా ఇస్తాయి? లావుది సన్నదాన్ని వెనక నుంచి గుద్దినప్పుడు కలవకుండా రెండూ చీలిపోవడం చాలా మామూలు. కెనడాలో లో, లిస్ట్ ఇద్దరూ 1982లో ప్రయోగశాలలో చుక్కల్ని ఢీకొట్టించి, తీగలా సాగి తెగడం, పల్చటి రేకులా పరుచుకుని చిరగడం లాంటివి విడివిడిగా నమోదు చేశారు. జడివానలో ఎక్కువ పని చేసేది ఈ ఢీకొనడాలే.

లెక్కలపిచ్చి · రాత్రి 10:26

నేల మీద 6 మి.మీ. వి కనపడకపోవడం అవి పైనే పేలిపోయాయనడానికి సాక్ష్యం కాకూడదా?

మబ్బులో_మనిషి · రాత్రి 10:31

విమానాల్లో పైకెళ్లి కొలిచినవాళ్లకీ అవి అరుదుగానే దొరికాయి. అందుకే కదా 8.8 దొరికితే పేపర్ రాశారు.

లెక్కలపిచ్చి · రాత్రి 10:33

హ్మ్. ఆలోచించి వస్తా.

కొత్తచిగురు · మరునాడు ఉదయం 6:50

వేరే గ్రహాల్లో వాన పడితే చినుకు ఇంకా పెద్దదా?

బోర్డు_సుద్ద · ఉదయం 7:30

శనిగ్రహం చందమామ టైటాన్ మీద మీథేన్ వాన కురుస్తుంది. గురుత్వం తక్కువ, గాలి చిక్కన. అక్కడ చినుకు దాదాపు సెంటీమీటరు దాకా పెరిగి, సెకనుకు ఒకటిన్నర మీటర్లతో తాపీగా దిగుతుందని 1993 నాటి లెక్క. తలెత్తి చూస్తూ తప్పుకోవచ్చు! గురుత్వంలో, గాలిలో అంత తేడా ఉన్నా చినుకు మనదానికి రెండింతలు కూడా కాలేదు, చూశావా.

రేకులషెడ్డు · 9 రోజుల తర్వాత, రాత్రి 7:40

చివరి టప్ టప్ సంగతి తేల్చేశా. చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

ఇవాళ వాన పూర్తిగా ఆగింది. ఆకాశంలో నక్షత్రాలు కూడా కనిపించాయి. రేకు మీద మాత్రం 20 నిమిషాలైనా టప్... టప్. టార్చి వేసుకుని పైకి చూశా. షెడ్డు మీదికి ఒక చెట్టు కొమ్మ వంగి ఉంది.

ఎదురుప్రశ్న · రాత్రి 7:44

మొదటి రోజే అడగాల్సింది "షెడ్డు మీద చెట్టుందా" అని. నాదే తప్పు.

రేకులషెడ్డు · రాత్రి 7:52

ఆగండి, ఇంకా ఉంది. ఆ కొమ్మ కింద ట్రే పెట్టి అయిదు సెకన్లు కాదు, అయిదు నిమిషాలు ఉంచా. 14 ఉండలు. అన్నీ 4.5 నుంచి 5.3 మధ్యలోనే. చిన్నది ఒక్కటీ లేదు! ఆకాశం నుంచి నాకు ఇప్పటిదాకా దొరికిన పెద్దది 4. వానకంటే చెట్టు చినుకే లావు.

బోర్డు_సుద్ద · రాత్రి 8:05

నీ డ్రాపరు చుక్క ఎంత? 4.6 కదా. ఆకు కొస కూడా డ్రాపరే బాబూ. బరువు తలతన్యతను గెలిచేదాకా చుక్క వేలాడుతూ ఊరుతుంటుంది, గెలవగానే తెగుతుంది. ఒక్కో కొసకి ఒక్కో సైజు, అన్నీ దగ్గరదగ్గరగా. మబ్బులో ఇలా వేలాడే చోటు లేదు, అందుకే అక్కడ అన్ని సైజులూ ఉంటాయి. చెట్టు కింద మట్టి గుంతలు పడేది కూడా వీటితోనే, కొమ్మ ఎత్తుగా ఉంటే మరీ.

ఎదురుప్రశ్న · రాత్రి 8:11

అయితే ఇప్పుడు అసలు ప్రశ్న. వాన మొదట్లో వినపడ్డ టప్ టప్ కూడా కొమ్మదే అయితే?

లెక్కలపిచ్చి · రాత్రి 8:15

కాదు. అప్పటికి ఆకులు పొడిగా ఉంటాయి, ముందు తడవాలి, తర్వాత కొసకి ఊరాలి. అర నిమిషంలో కారవు. పైగా మొదటి ట్రేలో 1 మి.మీ. వి రెండున్నాయి, కొమ్మ ఒక్క మి.మీ. చుక్కని ఇవ్వదు.

ఎదురుప్రశ్న · రాత్రి 8:17

ఆ ట్రే కొమ్మ కింద పెట్టారా, బయట పెట్టారా?

రేకులషెడ్డు · రాత్రి 8:20

...గుర్తు లేదండీ. షెడ్డు తలుపు పక్కనే పెట్టినట్టున్నా.

మబ్బులో_మనిషి · రాత్రి 8:26

కొమ్మ నరకొద్దు. ఈసారి రెండు ట్రేలు, ఒకటి కొమ్మ కింద, ఒకటి మేడ మీద. మూతలు ఒకేసారి తీయడానికి ఇంట్లో ఇంకొకర్ని పిలవండి.